మేస్త్రి సెటిలయ్యాడు

ఆ మంగళవారం పొద్దున వైండింగ్ మేస్త్రి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకు బ్యాంకుకు వెళ్ళి లోను కాగితాలు ఇవ్వాలి. పదకొండుకల్లా తిరిగొచ్చి బేకరీ వాళ్ళ మిక్సరు మోటారుకు రాగి తీగ చుట్టాలి. కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టి ప్రాణం పోయడమే ఆయన వృత్తి. ఇరవై ఏళ్ళుగా అదే పని, అదే గది. ఆ పన్నెండడుగుల గదినే ఇప్పుడు ఓనరు అమ్మేస్తున్నాడు.

"నువ్వు కొనుక్కుంటానంటే నాకు సంతోషమే మేస్త్రీ. శుక్రవారానికి ముప్ఫై వేలు అడ్వాన్సు ఇవ్వు, లోను వస్తుందని బ్యాంకు వాళ్ళ చేత ఒక మాట చెప్పించు. లేదంటే సెల్‌ఫోన్లవాడు కాచుకుని ఉన్నాడు," అని ఓనరు తేల్చి చెప్పాడు. ఆ గది పోతే మేస్త్రి యాభై రెండో ఏట మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడాలి. 

అడ్వాన్సుకు ఇంట్లో ఉన్నది ఇరవై ఒక్క వేలు. మిగతా తొమ్మిది వేలు ఎక్కడున్నాయో మేస్త్రి భార్యకు తెలుసు. షాపులో వస్తువులకు పేర్ల చీటీలు కట్టేదీ, నోటు పుస్తకం రాసేదీ ఆవిడే. రిపేరు పూర్తయినా ఎవరూ వచ్చి తీసుకెళ్ళని పదిహేడు వస్తువులు అటక మీద దుమ్ము కొట్టుకుపోతున్నాయి. ఫ్యాన్లు, మిక్సర్లు, ఒక నీళ్ళ మోటారు, మూల నిలబెట్టిన ఒక స్టాండు ఫ్యాను. ఆ స్టాండు ఫ్యానుకు కట్టిన చీటీ మీద "మేనేజరు గారిది" అని మాత్రమే ఉంది. ఏ మేనేజరో ఎవరికీ తెలియదు. ఈ రోజుల్లో రాయి విసిరితే మేనేజరుకే తగులుతుంది.

"వీళ్ళంతా ఒక్కసారి వచ్చి డబ్బులిచ్చి పట్టుకెళ్తే మన అడ్వాన్సు మనకొస్తుందండీ," అంది భార్య.

"వస్తారు. గదిని సెల్‌ఫోన్లవాడికి అమ్మేశాక తీరిగ్గా వస్తారు," అన్నాడు మేస్త్రి.

బ్యాంకువాళ్ళు క్రెడిట్ రిపోర్టు అడిగారు. మనిషి ఎప్పుడెప్పుడు అప్పు చేశాడో, ఎలా తీర్చాడో చెప్పే చిట్టా అది. పక్క షాపు జిరాక్సాయన కంప్యూటరులో వెతికి, దాన్ని ప్రింటు తీసి, వేరే పనేమీ లేదు కాబట్టి పైకి చదివి కూడా పెట్టాడు.

"స్కూటరు లోను, క్లోజ్డ్. ఫ్రిజ్ లోను, క్లోజ్డ్. డ్రిల్లింగ్ మిషను లోను, ఇదీ క్లోజ్డే. వైండింగ్ మిషను లోను... ఆఁ, ఇది మాత్రం సెటిల్డ్ అని ఉందండీ."

మేస్త్రి భార్య ముఖం వాడి మళ్ళీ వికసించింది. "క్లోజంటే ఏం పాడు మాటండీ, కథ ముగిసినట్టు. పోనీలెండి, ఒక్కటన్నా సెటిలయింది. మన పెళ్ళిచూపుల్లో మా అమ్మ అడిగింది, అబ్బాయి సెటిలయ్యాడా అని. పాతికేళ్ళకు జవాబొచ్చింది."

మేస్త్రి మీసం దువ్వుకున్నాడు. ఆ నాలుగో అప్పు ఆయన జీవితంలో సాధించిన గొప్ప విజయం. ఆరేళ్ళ కిందట తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ లోను వాయిదాలు నాలుగు తప్పాయి. తల్లి కోలుకున్నాక, ఫైనాన్స్ కంపెనీ నుంచి వచ్చినవాడితో గంటన్నర బేరమాడి, అసలూ వడ్డీ కట్టేసి, జరిమానా పద్దెనిమిది వందల నలభైని మాత్రం మాఫీ చేయించుకున్నాడు. "సరే, సెటిల్ చేసేద్దాం" అని వాడు సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. అప్పటి నుంచి మేస్త్రి ఆ కథ చెప్పని కస్టమరు లేడు. నడుమ ఒక్క చెక్క గోడే కాబట్టి జిరాక్సాయన దాన్ని నలభై సార్లు విన్నాడు, ఎక్కడ నవ్వాలో కూడా ఆయనకు కంఠతా వచ్చు.

బ్యాంకులో లోన్లు చూసే మేడమ్ నెమ్మదైన మనిషి. మేస్త్రి కాగితం ఆవిడ ముందు పెట్టి, నాలుగో వరుస మీద వేలు ఉంచాడు.

"పై మూడూ వదిలెయ్యండి మేడమ్. ఇది చూడండి. సెటిలయ్యాను."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఎంత తగ్గించుకున్నారు?"

"పద్దెనిమిది వందల నలభై. గంటన్నర పట్టింది," అన్నాడు మేస్త్రి, కథ మొదలుపెట్టడానికి కుర్చీ ముందుకు లాక్కుంటూ.

"మేస్త్రిగారూ, మీరు తిరగేసి చదివారు. క్లోజ్డ్ అంటే అప్పు మొత్తం తీర్చేశారని. అది మంచి మాట. సెటిల్డ్ అంటే పూర్తిగా కట్టలేదు, కంపెనీ ఇచ్చినకాడికి తీసుకుని వదిలేసిందని. దాన్ని చూస్తే మా పైవాళ్ళు ఫైలు పక్కన పెట్టేస్తారు."

మేస్త్రి నాలుగో వరుస మీది వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆరేళ్ళుగా మెడలో పతకంలా వేసుకుని తిరిగినది ముఖాన మసి అని తెలిస్తే ఎవరికైనా అంతే. ఆయనకు సిగ్గు వేసింది, ఆ వెనకే దుఃఖమూ వచ్చింది. తల్లి మంచం పక్కన కూర్చుని వాయిదాల తేదీలు లెక్కపెట్టుకున్న ఆ నెలలను ఎవరో కంప్యూటరులో ఒక్క ముక్కలో రాసేసుకున్నారు.

"కంగారు పడకండి. ఆ మిగిలింది కట్టేసి, బాకీ లేదని కంపెనీ నుంచి కాగితం తెండి. ఆ మాట మార్చమని రిపోర్టు తయారుచేసే పైఆఫీసుకు వాళ్ళే రాస్తారు. నాలుగింటికి నేను ఎలాగూ మీ షాపు చూడటానికి వస్తున్నాను," అంది మేడమ్.

మేస్త్రి అడ్వాన్సు డబ్బు ముట్టకుండా, రాగి తీగకని దాచినదాంట్లోంచి పద్దెనిమిది వందల నలభై జేబులో పెట్టుకుని ఫైనాన్స్ ఆఫీసు మేడ ఎక్కాడు. రేకుల కప్పు, ఒక్క కిటికీ, లోపల ఆవిరి పట్టినట్టు ఉక్క. మేనేజరు చొక్కా పై గుండీలు విప్పుకుని, ఎవరిదో లోను ఫైలుతో విసురుకుంటున్నాడు.

"డబ్బు కడతానంటున్నారా? మీరు మాకు బాకీ లేరు కదండీ," అన్నాడు మేనేజరు.

"ఉన్నాను సార్. నా మాట నమ్మండి. పద్దెనిమిది వందల నలభై ఎగ్గొట్టాను."

"మేం వదిలేశాం కదండీ."

"మీరు వదిలేసినా అది నన్ను వదలడం లేదు సార్."

అప్పు ఇమ్మని బతిమాలినవాళ్ళను మేనేజరు చూశాడు గానీ, తీసుకోమని బతిమాలినవాణ్ణి చూడటం అదే మొదలు. "దానికో ఫారం ఉంది. ఏడు పేజీలు. ఈ ఉక్కలో ఏడు పేజీలు నింపితే నన్ను మోసుకెళ్ళాలి. ఫ్యాను రిపేరుకిచ్చి నెల దాటింది. మా ప్యూనును రోజూ అడుగుతాను, ఇంకా అవలేదండీ అంటాడు. ఎవడో మేస్త్రి, పని ఎగ్గొట్టే రకం."

"అలాంటివాళ్ళ వల్లే సార్ మా వృత్తికి చెడ్డపేరు," అన్నాడు మేస్త్రి మనస్ఫూర్తిగా.

"చల్లబడ్డాక వచ్చే నెల రండి. తొందరైతే హెడ్డాఫీసుకు ఫోన్ చేసుకోండి," అని మేనేజరు నంబరు రాసిచ్చాడు.

షాపుకు తిరిగొచ్చి మేస్త్రి హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. అవతలివాళ్ళకు సరిగ్గా వినపడదు. ఈయన గొంతు అసలే మోటార్ల రొదలో పెరిగినది.

"సెటిల్ చాలదండీ. క్లోజ్ చెయ్యాలి. అవును, క్లోజ్. ఈ శుక్రవారం లోపల క్లోజ్ చేసెయ్యండి. మళ్ళీ దాని పేరు వినపడకూడదు."

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు జిరాక్సాయనే ఉన్నాడు. పొద్దున మేస్త్రి సెటిలయ్యాడని ఆయన స్వయంగా చదివాడు. మధ్యాహ్నం శుక్రవారం లోపల క్లోజని చెవులారా విన్నాడు. రెండూ రెండూ కలిపితే నాలుగు. సెటిలైన మనిషి ఇంకా ఎందుకు తీగలు చుట్టుకుంటాడు? షాపు మూసేస్తున్నాడు. ఈ సంగతి ఆయన చెడ్డ ఉద్దేశంతో ఎవరికీ చెప్పలేదు. జిరాక్సుకు వచ్చినవాళ్ళకు, కాపీలు వచ్చేలోపు ఊసుపోకకు చెప్పాడంతే.

అందులో తప్పు ఒక్క ఆయనదే కాదు. మేస్త్రి బ్యాంకులో ఉన్నప్పుడే భార్య తన తమ్ముడికి ఫోన్ చేసి, "మీ బావ సెటిలయ్యారురా, కాగితం మీద రాసిచ్చారు," అని చెప్పి ఉంది.

మూడింటికి మొదటి మనిషి చీటీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఏడాదిన్నర కిందటి చీటీ. ఆ వెనక ఇద్దరు, ఆ వెనక ఆరుగురు. మూడున్నరకల్లా చిలికి చిలికి గాలివాన అయింది. షాపు ముందు మనుషులు, సైకిళ్ళు, తలల మీద ఫ్యాను రెక్కలు. బేకరీవాడు సగం విప్పిన మోటారునే చంకలో పెట్టుకున్నాడు.

"నా మిక్సరు ఇచ్చెయ్యి మేస్త్రీ, నువ్వు వెళ్ళిపోతే నేనెవర్ని అడగాలి?"

"ఎక్కడికి వెళ్తున్నానండీ?"

"మాకు చెప్పకుండా దాస్తావేం? సెటిలయ్యావటగా."

గోరుచుట్టు మీద రోకటిపోటులా బామ్మర్ది ట్రాలీ ఆటో వేసుకుని దిగాడు. "బావా, ఎలాగూ మూసేస్తున్నావట. ఆ డ్రిల్లింగ్ మిషను పరాయివాడికి పోవడం ఎందుకు, సొంత బామ్మర్దిని నేనుండగా?"

"ముందు అటకెక్కు. ఒక్కోటీ కిందికి అందించు," అన్నాడు మేస్త్రి. ఆయనకు లోపల బేజారుగానే ఉంది. కళ్ళముందే కస్టమర్లు వెళ్ళిపోతున్నారు, కాసేపట్లో బ్యాంకు మేడమ్ వచ్చి ఈ గోల చూస్తుంది. గది సంగతి అయిపోయినట్టేనని అనుకుంటూనే ఆయన ఒక్కో వస్తువుకూ ప్లగ్గు పెట్టి, తిరుగుతోందని చూపించి ఇచ్చాడు. భార్య చీటీ చూసి, డబ్బు తీసుకుని, పేరు కొట్టేసింది. ఆవిడకు కంగారు పడే తీరికే లేదు.

గుంపు చూసి ఓనరూ వచ్చాడు. "ఖాళీ చేస్తున్నావని నాకు చెప్పొద్దూ?" అని అడగబోతుంటే మేడమ్ స్కూటరు ఆగింది. ఆవిడ జనాన్ని చూసింది, చేతిలోని కాగితాన్ని చూసింది, మళ్ళీ జనాన్ని చూసింది.

"రోజుకు అయిదారుగురు కస్టమర్లు వస్తారని రాశారు మీరు. ఇంత తక్కువ చేసి రాసుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు," అంది.

మేస్త్రి నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో గుంపును చీల్చుకుంటూ చెమటలు కక్కుతూ ఫైనాన్స్ మేనేజరు వచ్చాడు. వెనక ప్యూను నేల చూపులు చూస్తున్నాడు.

"షాపు ఎత్తేస్తున్నారట, నా స్టాండు ఫ్యాను ఏదీ?" అని మేనేజరు తలెత్తి, మేస్త్రిని చూసి ఆగిపోయాడు. "మీరా?"

"మీరేనా సార్ ఆ మేనేజరు?" అన్నాడు మేస్త్రి. భార్య నోటు పుస్తకం తిప్పి చదివింది. "రిపేరు పూర్తయి మూడు వారాల రెండు రోజులు. చార్జీ ఆరు వందల యాభై." మేనేజరు ప్యూను వైపు తిరిగాడు. నెల్లాళ్ళుగా ఆఫీసు మెట్లు దిగి రావడానికి బద్ధకించిన ప్యూను, పక్క షాపులో జిరాక్సు రేట్లు చదవడంలో మునిగిపోయాడు.

బామ్మర్ది ఫ్యానును మధ్యలో నిలబెట్టాడు. మేస్త్రి స్విచ్చి వేశాడు. గాలి ముఖానికి తగలగానే మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. నెల రోజుల ఉక్క ఆయన మీద నుంచి మెల్లగా దిగిపోయింది. కళ్ళు తెరిచాక ఆయన వేరే మనిషి.

"ఆ ఫారం తెప్పించనా? ఇక్కడే కూర్చుని నింపేస్తాను," అన్నాడు.

ప్యూను ఈసారి ఫారం, ముద్ర తేవడానికి పరుగెత్తాడు. మేనేజరు ఆ గాలిలోనే ఏడు పేజీలూ నింపాడు, పద్దెనిమిది వందల నలభై తీసుకుని, బాకీ ఏమీ లేదని కాగితం రాసి ముద్ర వేశాడు. ఆ మాట మార్చమని ఆ సాయంత్రమే పైకి పంపిస్తానన్నాడు.

మేస్త్రి అప్పుడు మేడమ్ దగ్గరకు వెళ్ళి, జనం ఎందుకు వచ్చారో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అబద్ధం మీద గది కొనుక్కోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. మేడమ్ నవ్వింది.

"మూసేస్తున్నారంటే ఇంతమంది పరుగెత్తుకొచ్చారు. అది చాలు నాకు. మీరు వదిలెయ్యమన్న ఆ మూడు లోన్లు ఉన్నాయి చూశారా, ఒక్క వాయిదా తప్పలేదు వాటిలో. తీర్చిన అప్పు చెరిగిపోదు మేస్త్రిగారూ, సాక్ష్యంలా నిలబడుతుంది." తర్వాత ఓనరు వైపు తిరిగింది. "రిపోర్టులో మాట మారడానికి నెల పట్టొచ్చు. మారితే లోను ఆగడానికి నాకు కారణం కనపడటం లేదు."

ఓనరు గడ్డం గోక్కున్నాడు. "మరి అడ్వాన్సు?"

మేస్త్రి భార్య నోటు పుస్తకం మూసింది. అటక ఖాళీ. ఆ పూట పెట్టెలో పడినవి తొమ్మిది వేల మూడు వందలు, మేనేజరు ఫ్యాను కాకుండానే. "ఇంటికి వెళ్ళి ఇరవై ఒక్క వేలు తెస్తాను, శుక్రవారం దాకా ఎందుకు?" అంది. మేస్త్రి ఆ ఖాళీ అటక వైపు చూస్తూ, ఆ గది తనదేనని ఇరవై ఏళ్ళలో మొదటిసారి నమ్మాడు. బయట బేకరీవాడు సగం విప్పిన మోటారును మళ్ళీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

వెళ్ళబోతూ మేనేజరు పర్సు తీశాడు. "ఆరు వందల యాభై ఎక్కువండీ. మనలో మనకేమిటి, అయిదొందలకు సెటిల్ చేసుకుందాం."

మేస్త్రి రెండు చేతులూ జోడించాడు. "వద్దు సార్, మీ మంచి కోరి చెబుతున్నాను. మొత్తం ఇవ్వండి, క్లోజ్ చేద్దాం."

మేనేజరు ఆరు వందల యాభై లెక్కపెట్టి ఇచ్చి, రసీదు మీద క్లోజ్డ్ అని రాయించుకుని మరీ వెళ్ళాడు.