తోడల్లుడి క్రాస్‌బో

ఆ శనివారం పొద్దున వెర్లిన్ స్టెనరుడ్‌కు మూడే పనులు. తొమ్మిదిన్నరకు అత్తగారిని బండిలో ఎక్కించుకోవాలి. పదింటికి బడి వ్యాయామశాలలో జరిగే సభకు చేరుకోవాలి. అక్కడ తనకిచ్చే మూడు నిమిషాల్లో క్రాస్‌బో అనే వస్తువు పరువు నిలువునా తీసేయాలి.

మిన్నెసోటా ఉత్తరాన హాగెన్ లేక్ ఊళ్ళో అప్పటికి రెండు నెలలుగా అదే గొడవ. విల్లంబులతో దుప్పుల్ని వేటాడే కాలంలో క్రాస్‌బో పట్టే హక్కు అరవై దాటినవాళ్ళకీ, డాక్టరు చీటీ ఉన్నవాళ్ళకీ మాత్రమే ఉండేది. దాన్ని అందరికీ ఇవ్వాలా వద్దా అన్న విషయం మీద ఊరి వేటగాళ్ళ అభిప్రాయం రాసి పంపమని రాష్ట్రం అడిగింది. వెర్లిన్ ముప్పై ఏళ్ళుగా విల్లు పట్టినవాడు. నారి లాగి, ఊపిరి బిగబట్టి, దుప్పి తల తిప్పేదాకా చేతులు వణక్కుండా నిలబడడం ఎంత కష్టమో తెలిసినవాడు. తుపాకీలా భుజానికి ఆనించి మీట నొక్కితే బాణం దానంతటదే పోయే వస్తువు విల్లెలా అవుతుందని అతని ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. కానీ నిజం చెప్పాలంటే అతనికి క్రాస్‌బో మీద అంత పగేమీ లేదు. పగంతా దాన్ని పట్టుకున్న మనిషి మీద. ఆ మనిషి అతని తోడల్లుడు లైల్.

భుజం నొప్పి అని సెప్టెంబరులో లైల్ డాక్టరు చీటీ తెచ్చుకున్నాడు. జన్మలో కుందేలునైనా కొట్టని లైల్, వేట మొదలైన నాలుగో రోజే పది మొనల కొమ్ములున్న దుప్పిని పడగొట్టాడు. ఆ కొమ్ముల్ని పలకకు బిగించి అత్తగారికి కానుకగా ఇచ్చాడు. ఆవిడ పియానో పైన పంతొమ్మిదేళ్ళుగా వేలాడుతున్న వెర్లిన్ ఎనిమిది మొనల కొమ్ముల్ని దించి, ఆ మేకుకే లైల్‌వి తగిలించింది. ఇప్పుడు వెర్లిన్ కొమ్ములు వసారాలో ఉన్నాయి. వాటి మీద అత్తగారి వానకోటు ఆరుతోంది.

అంతటితో అయిపోతే ఏదోలా ఓర్చుకునేవాడు. చనిపోయిన మామగారు ఓక్ చెట్ల మిట్ట మీద కట్టిన మంచె ఒకటుంది. అక్టోబరు చివర్లో పెద్ద దుప్పులన్నీ ఆ మిట్ట దిగే వెళ్తాయి. ఆ వారం మంచె మీద ఎవరు కూర్చోవాలో ఏటా అత్తగారు చెబుతుంది. పంతొమ్మిదేళ్ళు ఆవిడ చెప్పిన పేరు వెర్లిన్. ఈ ఏడు ఇంకా ఎవరి పేరూ చెప్పలేదు.

"మళ్ళీ ఆ కాగితమే చదువుతున్నావా?" అంది మార్లిస్, భర్త ముందు కాఫీ కప్పు పెడుతూ.

"ఉపన్యాసం. కంఠతా రావాలి."

"రాత్రి నేనూ చదివాలే. 'కొందరు సోమరిపోతులు' అని నాలుగుసార్లు రాశావు."

"ఆ కొందరు ఎవరైనా కావచ్చు."

"'మా ఆవిడ చెల్లెలి మొగుడి లాంటి కొందరు' అని ఉంది వెర్లిన్."

"అది ఉదాహరణ," అని అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బయట మంచు పేరుకుని ఉండడంతో ఇస్త్రీ చొక్కా మీద, మెడ నుంచి కాలి మడమ దాకా ఒకే కుట్టుగా ఉండే వేట తొడుగు వేసుకున్నాడు. దాని జిప్ రెండేళ్ళుగా మొరాయిస్తోంది. గట్టిగా లాగి గొంతు దాకా బిగించాడు.

దారిలో లైల్ ఇల్లు. వెర్లిన్ ఎప్పుడూ ఆ ఇంటి వైపు చూడకుండానే పోతాడు, ఎప్పుడూ చూస్తాడు కూడా. ఆ రోజు చూసేసరికి లైల్ నిచ్చెనెక్కి, చలిగాలిని ఆపే అదనపు అద్దాల తలుపును రెండు చేతులతో తల మీదికెత్తి కిటికీకి బిగిస్తున్నాడు.

"భుజం నొప్పా!" అన్నాడు వెర్లిన్, బండిలో ఎవరూ లేకపోయినా.

మూడు నిమిషాల ఉపన్యాసం కంటే ఒక్క ఫోటో మేలనిపించింది. బండిని చర్చి వెనక ఆపి, ఫోను పట్టుకుని, పొదల చాటున నడుస్తూ లైల్ పెరట్లో చేరాడు. అక్కడ దాక్కోవడానికి ఒకే ఒక్క చోటు కనిపించింది. లైల్ గురి చూసుకోవడానికి నిలబెట్టుకున్న, నిజం దుప్పంత ఉన్న ఫోమ్ దుప్పి. దాని వెనక గొంతుక్కూర్చుని ఫోను పైకెత్తేలోగా లైల్ నిచ్చెన దిగి లోపలికి పోయాడు. మరుక్షణం క్రాస్‌బోతో బయటికొచ్చాడు.

ఇప్పుడు లేచి నిలబడితే తను అక్కడెందుకున్నాడో చెప్పాలి. పంచదార అప్పు అడగడానికి వచ్చాననొచ్చు. కానీ పంచదార కోసం పెరటి పొదల్లోంచి ఎందుకొచ్చావని అడుగుతాడేమో. దానికి జవాబు వెతుకుతూ ఉండగానే 'టప్' మంది.

దుప్పి రొమ్ము ఇన్నాళ్ళ దెబ్బలకు జల్లెడైపోయి ఉంది. బాణం దాన్ని దాటుకుని వచ్చి, వెర్లిన్ ఎడమ చంక దగ్గర తొడుగులో దూరి, అవతల జానెడు పొడుచుకుని నిలిచింది. ఒంటికి ఒక్క గీత పడలేదు. కానీ మనిషి దుప్పికి అతుక్కుపోయాడు. నోరు తెరిచి అరవబోతుండగా లైల్ ఫోను మోగింది.

"వెర్లిన్ అన్న ఇంకా రాలేదా అత్తయ్యా? అయ్యో! ఉపన్యాసం ధ్యాసలో మర్చిపోయుంటాడు, పాపం. మీరు చలిలో గుమ్మం దగ్గర నిలబడకండి. రెండు నిమిషాల్లో మీ ముందుంటా."

బాణం కంటే ఆ 'పాపం' ఎక్కువ గుచ్చుకుంది. ఆ నోటితో తనను విడిపించమని అడగడం కంటే ఫోమ్ దుప్పితో కాపురం చేయడం నయమనుకుని వెర్లిన్ నోరు మూసుకున్నాడు. లైల్ బాణం కోసమైనా రాకుండా, కారెక్కి అత్తగారి కోసం వెళ్ళిపోయాడు.

తొడుగు విప్పుదామంటే జిప్ పిడి ఊడి చేతిలోకొచ్చింది. కోద్దామంటే కత్తి బండిలో ఉంది. బాణం ఎంత లాగినా కదల్లేదు. చివరికి దుప్పి కాళ్ళను నేలలోని మేకుల నుంచి ఊడబెరికి, దాన్ని ఎడమ భుజం మీదికి లాక్కుని, చర్చి వైపు నడక మొదలుపెట్టాడు. దారిన పోతున్న ఎవరో పెద్దావిడ కారు నెమ్మది చేసి, అతన్ని తేరిపార చూసి, ఫోను తీసింది.

అయిదు నిమిషాల్లో వేట నియమాలు చూసే అధికారి, వార్డెన్ జోలీన్ ట్రక్కు వచ్చి అడ్డంగా ఆగింది.

"వెర్లిన్ గారూ, మీరా! ఆ దుప్పి చెవికి కట్టాల్సిన వేట అనుమతి చీటీ ఏదండీ?"

"ఇది ఫోమ్, జోలీన్!"

జోలీన్ దిగి, దుప్పి ముక్కు మీద వేలితో కొట్టి చూసింది. తరువాత బాణం చూసింది. ఆమె ముఖం మారింది. "ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదు. నేనే అడ్డొచ్చాను."

"ఎవరి బాణానికి?"

"ముందు దీన్ని పీకమ్మా."

"పీకకూడదండీ. మనిషికి బాణం తగిలితే నివేదిక రాయాలి. రాసేదాకా ముట్టుకోకూడదు. కాగితాల పెట్టె సభ దగ్గరే వదిలేసొచ్చాను. పదండి."

ముందు సీట్లో దుప్పి పట్టలేదు. వెర్లిన్ ట్రక్కు వెనక నిలబడి, దుప్పిని కౌగిలించుకుని, ఊరి నడివీధిలో ఊరేగాడు. జనం ఇదేదో ప్రచారమనుకుని చేతులూపారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

వ్యాయామశాలలో మడత కుర్చీలన్నీ నిండాయి. అతను అడుగుపెట్టేసరికి మైకు దగ్గరున్నది లైలే.

"వెర్లిన్ అన్న రావడం కొంచెం ఆలస్యమైంది. ఆయన మూడు నిమిషాలు ఎవరికీ ఇవ్వొద్దని మనవి. మన ఊళ్ళో విల్లు గురించి మాట్లాడే అర్హత ఆయన తరువాతే ఎవరికైనా..."

మాట అక్కడే ఆగిపోయింది. సభంతా వెనక్కి తిరిగింది. వెర్లిన్, అతని భుజం మీద దుప్పి, ఇద్దరినీ గుచ్చి పట్టుకున్న బాణం.

ముందు వరుసలో ఉన్న అత్తగారు థోరా కళ్ళద్దాలు సవరించుకుంది. ఎనభై ఒక్కేళ్ళ వయసులోనూ ఆవిడ చూపుకి తిరుగులేదు.

"లైల్, ఆ నారింజరంగు ఈకలు నేనంటించినవే కదూ?"

వెర్లిన్ ఆ ఈకల వైపే చూశాడు. బాణం తన చంకలో ఉన్న సంగతి కూడా మరిచిపోయాడు. ముప్పై ఏళ్ళలో ఆవిడ తనకు ఒక్క ఈక అంటించిపెట్టలేదు!

"అందుకే వద్దంటున్నాం!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. "పెరట్లోనే తోడల్లుణ్ణి పొడిచేశాడు, రేపు అడవిలో మన గతేంటి?" అని ఇంకొకడు. సభ సభంతా ఒక్కసారి క్రాస్‌బోకి ఎదురు తిరిగింది. వెర్లిన్ జేబులోని ఉపన్యాసం తీయాల్సిన పనే లేకపోయింది. ఊరికే మూలిగితే చాలు.

అప్పటికే సభకు వచ్చి కూర్చున్న మార్లిస్ ఒక్కతే లేచి అడిగింది. "నువ్వు లైల్ పెరట్లో ఏం చేస్తున్నావు వెర్లిన్?"

అతను జవాబు చెప్పేలోగా లైలే అందుకున్నాడు. "నన్నూ బండిలో ఎక్కించుకుందామని వచ్చుంటాడు వదినా. నేనే చూసుకోకుండా కొట్టేశాను." అంటూ వేదిక మెట్టు మీద కూలబడ్డాడు. "నిన్ను చంపేసేవాణ్ణన్నా. ఇన్నేళ్ళూ నిన్ను చూసి కుళ్ళుకున్న పాపానికి ఇవాళ చంపేసేవాణ్ణి."

"నన్ను చూసి కుళ్ళుకున్నావా?"

"కుళ్ళుకోనా? మామయ్య మంచె మీదికి నిన్నే తీసుకెళ్ళేవాడు. నన్ను వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీయమనేవాడు. విల్లు పడితే నా బాణం గడ్డిమోపులో కూడా దిగేది కాదు. తరువాత ఈ భుజం పోయింది. బరువెత్తగలను గానీ నారి వెనక్కి లాగలేను. క్రాస్‌బో దొరికాక, ఒక్కసారి నీ కొమ్ముల పక్కన నావీ ఉంటే చాలనుకున్నా. పక్కన పెట్టమనే ఇచ్చానన్నా. అత్తయ్య నీవి తీసేసి పెట్టింది."

తను మంచె మీద కూర్చుని చలికి వణికిన ఆ పొద్దులన్నిటిలో, వంటింట్లో బంగాళాదుంపల ముందు ఒకడు తనను చూసి ఏడుస్తున్నాడని వెర్లిన్‌కు తెలియదు. తెలిసుంటే ఆ చలి కొంచెం హాయిగా ఉండేది. ఆ ఆలోచన వచ్చినందుకు వెంటనే సిగ్గేసింది.

దుప్పిని ఈడ్చుకుంటూ మైకు దగ్గరికి వెళ్ళాడు.

"లైల్ తప్పేం లేదు," అన్నాడు. "అతని భుజం బాగానే ఉందని నిరూపిద్దామని దొంగచాటుగా ఫోటో తీయడానికెళ్ళాను. గురి చూసుకునే బొమ్మ వెనక కూర్చున్న వెధవని నేను."

సభలో ఎవరూ నవ్వలేదు. ఆపుకున్నారంతే. జోలీన్ మాత్రం తలొంచుకుని నివేదికలో ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, అప్పుడు బాణం పీకింది.

తరువాత చేతులెత్తే ఘట్టం. అందరికీ క్రాస్‌బో వద్దన్నవాళ్ళు ఎత్తండి అనగానే మొదట లేచిన చెయ్యి లైల్‌ది. ఇవ్వాలన్నవాళ్ళు ఎత్తండి అంటే, ముప్పై ఏళ్ళ విలుకాడు వెర్లిన్ చెయ్యెత్తాడు. లైల్ అతన్ని కోపంగా చూశాడు.

"నా కోసం నువ్వు దిగజారక్కర్లేదన్నా."

"ముందు దిగజారింది నువ్వు."

లెక్క చూస్తే అటు ముప్పై ఎనిమిది, ఇటు ముప్పై ఎనిమిది. అధ్యక్షుడు రెండుసార్లు లెక్కపెట్టి, ఇంకా చెయ్యెత్తనివాళ్ళు ఎవరని అడిగాడు. థోరా తాపీగా లేచింది. అల్లుళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టారు. ఆవిడ ఎటు మొగ్గితే ఆ అల్లుడే మంచె ఎక్కుతాడని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఎవరు ఎటు ఓటేశారో మాత్రం ఇద్దరికీ కాస్త అయోమయంగా ఉంది.

"వద్దు," అంది థోరా. "అందరికీ ఇచ్చేస్తే మిట్ట మీద సంత పెట్టినట్టుంటుంది. నాకు ప్రశాంతంగా ఉండాలి."

"మీకెందుకత్తయ్యా ప్రశాంతత?" అన్నాడు వెర్లిన్.

"నాకు అరవై దాటి ఇరవై ఒక్కేళ్ళయింది. ఎవరి చీటీ అక్కర్లేదు. సెప్టెంబరు నుంచి గొడ్ల కొట్టంలో గురి చూసుకుంటున్నా. ఈకలు లైల్ కోసం అంటించాననుకున్నావా? నా బాణాలు రెండు అరువు తీసుకుని ఇంకా తిరిగివ్వలేదు అతను."

లైల్ తలొంచుకున్నాడు.

"ఆ వారం మంచె నాది," అంది ఆవిడ కూర్చుంటూ. "మీ ఇద్దరూ ఖాళీ చేసుకోండి. మోయడానికి మనుషులు కావాలి."

అక్టోబరు ఆఖరి శనివారం పొద్దున ఎనిమిదింటికి ఆవిడ ఫోను చేసింది. అల్లుళ్ళిద్దరూ తాళ్ళు పట్టుకుని మిట్ట ఎక్కారు. మంచె కింద, రాలిన ఓక్ ఆకుల మీద, ఆ చుట్టుపక్కల ఎవరూ చూడనంత పెద్ద దుప్పి పడి ఉంది. థోరా పక్కనే దుంగ మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగుతోంది.

"కొమ్ములు నేలకి తగలనివ్వకండి," అని, క్రాస్‌బో భుజాన వేసుకుని ముందు నడిచింది.

ఇద్దరూ తాడు చెరో భుజానికి వేసుకుని లాగారు. వాగు కూడా దాటించారు.

"పన్నెండు మొనలన్నా," అన్నాడు లైల్ రొప్పుతూ.

"లెక్కపెట్టాను," అన్నాడు వెర్లిన్.

ఇరవై ఆరేళ్ళ బంధుత్వంలో తోడల్లుళ్ళిద్దరూ ఒకే మనిషిని చూసి కుళ్ళుకోవడం అదే మొదటిసారి.