క్రమం లేని కార్డులు

మనిషికి మనసుంటుందన్న సంగతి 1961లో సర్కారువారి దృష్టికి వచ్చింది. వచ్చిందే తడవుగా దాన్ని కొలవాలని నిశ్చయించి, ప్రొద్దుటూరులో మనోవేగ పరీక్షా కార్యాలయం తెరిచారు. (అంతవరకు అక్కడి జనం కొలవని మనసులతోనే కాపురాలు నెట్టుకొచ్చారు.) జమ్మలమడుగు నుంచైనా, పులివెందుల నుంచైనా సర్కారు కొలువు కోరి వచ్చినవారు ఇక యంత్రం ముందు కూర్చోవాలి. ఎర్ర, తెల్ల, నీలి దీపాల్లో ఏది వెలిగితే ఆ మీట నొక్కాలి.

ఏ దీపం ఎప్పుడు వెలగాలో యంత్రానికి చెప్పేవి చిల్లులు కొట్టిన అట్ట కార్డులు. యంత్రం వచ్చింది, కార్డులు రాలేదు. “స్థానికంగా సమకూర్చుకోవలెను” అన్న ఉత్తర్వు మాత్రం వచ్చింది. ఊళ్లో ఆ పని తెలిసినవాడు ఇనాయతుల్లా. మగ్గం మీద చీర అంచులో పూలు పడాలంటే అట్లాంటి కార్డులే కావాలి. ఇరవై ఏళ్లుగా ఆయన కొడుతున్నవి అవే. అయితే మగ్గాలవాళ్లు కొత్త అంచులు అడగడం మానేసి ఆర్నెల్లైంది. ఇంట్లో పొయ్యి ఒక్కపూటే వెలుగుతోంది. కార్డులు కుదిరితే కొలువు ఖాయమని మనోవేగాధికారి సుందరం గారు మాటిచ్చారు. ఆ మాట నమ్మి భార్య ఖమ్రున్నీసా వీధంతా చెప్పేసింది కూడా.

మొదటి కార్డులు ఎక్కించిన యంత్రం ముందు, బడిలో ఆయా ఉద్యోగం కోసం వచ్చిన నేతగత్తె తిరుపాలమ్మ కూర్చుంది. పది దీపాలు చూసిందో లేదో, ఆపైన దీపం వెలగకముందే మీటలు టకటకా నొక్కేసింది. సుందరం గారు అదిరిపడ్డారు.

“మామిడిపిందె అంచు గదా సార్ ఇది! రెండు ఎర్రవి, ఒక తెల్లది, మళ్ల రెండు ఎర్రవి. ఎలిగేదాకా కాసుకోని కూచోవాల్నా ఏంది?” అంది తిరుపాలమ్మ.

దీపానికి ముందు నడిచే మనసు నిబంధనలకు విరుద్ధమని ఆమెను తప్పించి, ఇనాయతుల్లాను పిలిపించారు.

“క్రమం లేకుండా కొట్టమన్నాను కదయ్యా?”

“అట్లనే కొడదామని కూచుంటా సార్, చెయ్యి ఇనదు. క్రమం తప్పితే చీర పాడైతాదని మా నాయన చేతేళ్ల మీద కొట్టి నేర్పినాడు. క్రమం ల్యానిది యాడన్నా ఉంటే చూపిచ్చండి, చూసి కొడతా.”

వెతుక్కోమని సుందరం గారు ఫైల్లో తల దూర్చారు. ఇనాయతుల్లాయే ఆఫీసు వరండాలో పదకొండు రోజులు కూర్చుని, అర్జీల నడక గమనించాడు. అర్జీ కదిలితే ఎర్ర, ఆగితే తెల్ల, కనబడకుండా పోతే నీలి. ఆ వరసనే అట్టల మీద దించాడు.

అబ్బ, ఏం కార్డులవి! మూడు ఊళ్లవాళ్లలో ఒక్కరూ రాబోయే దీపాన్ని పసిగట్టలేకపోయారు. శాస్త్రం ఇంతకు మించి ముందుకు పోజాలదని సుందరం గారు పైకి రాశారు.

ఇక కొలువు. పద్నాలుగో నిబంధన ప్రకారం కార్డులు కొట్టే కొలువుకూ పరీక్ష తప్పదు. ఇనాయతుల్లా యంత్రం ముందు కూర్చున్నాడు. నాలుగు తప్పులు నొక్కి లేస్తే బాగుండునని చూస్తున్నవాళ్లకు ప్రాణం కొట్టుకుంది. తన అట్టను తానే తప్పు చదవడం ఆయన వల్ల కాలేదు. పాపం, కళ్లు మూసుకుని నూటికి నూరూ నొక్కాడు.

“సార్, మరి కొలువు?”

“తొందరేముందయ్యా, ఉత్తర్వు వస్తుంది.”

వచ్చింది. ఖమ్రున్నీసా రెండుసార్లు చదివించుకుని వింది:

“కార్డులు ముందే తెలిసియున్నందున ఇనాయతుల్లా ఈ కొలువుకు అనర్హుడు. కార్డుల సంగతి బొత్తిగా తెలియని అర్హుడు దొరుకువరకు, సదరు అనర్హుడే గౌరవ హోదాలో కార్డులు కొట్టుచుండవలెను.”