బైబిల్లోంచి జారిన నాలుగు చీటీలు

ఆదివారం పొద్దున్నే తెయోఫిల్ హొదిషాన్ నల్లబూట్లకు పాలిష్ పెట్టుకుంటూ, ఈవేళ తన ప్రసంగం విని సంఘంలో ఎంతమంది తలలు దించుకుంటారో మనసులో లెక్క వేసుకున్నాడు. తక్కువలో తక్కువ పదిమంది దించుకోవాలి. కాపరి గారికి, అంటే పాస్టరుకు, చూసుకోవలసిన ఊళ్లు మూడు, అందువల్ల నెలకు రెండు ఆదివారాలే ఇక్కడికి వస్తాడు. మిగతా రెండు వారాలూ వాక్యం చెప్పే భారం తేనెటీగలు పెంచుకునే తెయోఫిల్ భుజాల మీద పడింది. పడిందని ఆయన అంటాడు గానీ, దింపుకోవయ్యా అని ఎవరైనా అని ఉంటే ఆ మనిషితో మళ్లీ మాట్లాడేవాడు కాదు.

అయితే కిందటి నెల కాపరి గారు ఆయన్ని పక్కకు పిలిచి, "నీ ప్రసంగం మేఘాల్లోనే తిరుగుతోంది సహోదరా, కాస్త కిందికి దించి వంటింట్లోకీ పెరట్లోకీ తీసుకురా" అన్నాడు. ఆ మాట తెయోఫిల్‌కు మనసులో గుచ్చుకుంది. రెండు వారాలు సరిగ్గా అన్నం సహించలేదు. చివరికి సరే, రోజువారీ బతుకులోంచే ఉదాహరణలు చెబుతానని పంతం పట్టాడు. ఉదాహరణలకు ఆయన దగ్గర కొరతేమీ లేదు. తేనెటీగల పెట్టెలు ఊరి పైనున్న గట్టు మీద ఉంటాయి, అక్కణ్ణించి చూస్తే అందరి పెరళ్లూ అరచేతిలో ఉన్నట్టే కనిపిస్తాయి.

ఎంచుకున్న వాక్యం మత్తయి సువార్త ఏడో అధ్యాయంలోది. ఎదుటివాడి కంట్లో నలుసు తీయబోయే ముందు నీ కంట్లో దూలం చూసుకోమని ప్రభువు చెప్పిన చోటు. ఎదుటివాళ్ల కళ్లలో ఏమేం ఉన్నాయో తెయోఫిల్ శనివారమంతా కూర్చుని చీటీల మీద రాసుకున్నాడు. వంటింటి గోడకు వేలాడే తేనెటీగల పెంపకందార్ల పాత క్యాలెండరు కాగితాలు వెనకవైపు తెల్లగా ఉంటాయి. అందులోంచి ఒకటి చింపి నాలుగు ముక్కలు చేశాడు. ఆ క్యాలెండరులో సగం కాగితాలు అప్పటికే మాయమై ఉన్నాయి. ఎవరు చింపుతున్నారా అని ఒక్క క్షణం విసుక్కుని మర్చిపోయాడు. వేదిక మీద కళ్లజోడు పెట్టుకోవడం ఆయనకు నచ్చదు గనక పెద్ద పెద్ద అచ్చక్షరాలతో రాశాడు. పేర్లు తన గుర్తుకోసమే. చెప్పేటప్పుడు "ఒక సహోదరుడు", "ఒకానొక సహోదరి" అంటాడు, అంతే. నాలుగు చీటీలనూ బైబిల్లో ఆ అధ్యాయం దగ్గర పెట్టి పడుకున్నాడు.

ఇక్కడ ఆ మహానుభావుడు మర్చిపోయిన సంగతొకటుంది. ఆ సంఘంలో ప్రార్థన కావలసినవాళ్లు తమ కష్టాన్ని చీటీ మీద రాసి తలుపు దగ్గరున్న చిన్న బుట్టలో వేస్తారు. పాటలయ్యాక పరిచారకుడు వాటిని ఒక్కొక్కటే పైకి చదువుతాడు, తరవాత అందరూ మోకరిస్తారు. మంచం పట్టినవాళ్లు గుడికి రాలేరు గనక తమ చీటీలు దారిన పోయే తెయోఫిల్‌కు ఇస్తారు. ఆయన వాటిని బైబిల్లో పెట్టుకుంటాడు. గుడి తలుపు దగ్గర ఆయన భార్య రాహెలా ఆ బైబిలు తీసుకుని, చీటీలన్నీ బుట్టలోకి దులిపి, తిరిగి ఆయన చేతికిస్తుంది. పదేళ్లుగా ప్రతి ఆదివారం జరిగేది ఇదే. రాహెలా ఏ చీటీనీ విప్పి చూడదు. పరాయివాళ్ల కష్టం చదవడం దొంగతనమేనని ఆమె అభిప్రాయం.

ఆ వేళ కూడా వంతెన దగ్గరి ముసలావిడ తన మోకాలి నొప్పి రాసిన చీటీ ఇచ్చింది. తెయోఫిల్ దాన్ని బైబిల్లో దోపాడు. తలుపు దగ్గర రాహెలా బైబిలు తిరగేసి దులిపింది, తన చేతిలోని చీటీ ఒకటి కూడా బుట్టలో వేసింది. తెయోఫిల్ అప్పటికే వచ్చేవాళ్లందరికీ "సమాధానం సహోదరా, సమాధానం సహోదరీ" అని శాంతి పలికి చేతులు కలుపుతూ, మొహానికి వాక్యం చెప్పేవాడి గాంభీర్యం తెచ్చుకునే పనిలో ఉన్నాడు.

మగవాళ్లు కుడివైపు, తలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు ఎడమవైపు కూర్చున్నారు. పాటలయ్యాయి. ఆఖరి పాట అందరూ ఆపేశాక కూడా సావెతా గొంతు ఒక్కటే కాసేపు సాగి, తీరిగ్గా ఆగింది. పరిచారకుడు అవ్రామ్ బుట్ట పట్టుకుని వేదిక పక్కకు వచ్చాడు. అవ్రామ్ నోటికీ బుర్రకీ మధ్య దారి కాస్త దూరం. ముందు చదివేస్తాడు, అర్థం తరవాత నెమ్మదిగా వస్తుంది.

ముసలావిడ మోకాలు చదివాడు. అందరూ సానుభూతిగా తలలూపారు. రెండో చీటీ తీసి అదే ప్రార్థనా స్వరంతో చదివాడు.

"సావెతా. అందరూ పాట ఆపేశాక కూడా సాగదీస్తుంది. దేవుడి కోసం కాదు."

వేదిక వెనక కుర్చీలో కూర్చున్న తెయోఫిల్ ఆ మాటలు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాడు. మరుక్షణం బైబిలు తెరిచాడు. ఏడో అధ్యాయం దగ్గర చీటీ లేదు, ముందు లేదు, వెనక లేదు. ఆపవయ్యా అవ్రామ్ అని లేచి నిలబడబోయాడు. లేస్తే చీటీలు ఎవరివో చెప్పినట్టే కదా అన్న ఆలోచన వచ్చి మళ్లీ కూర్చుండిపోయాడు.

అవ్రామ్ మాత్రం బండి ఆపలేదు. గవ్రిల్ తన కంచె గుంజల్ని ఏడాదికి జానెడు చొప్పున పొరుగువాడి పెరట్లోకి జరుపుతున్నాడని చదివాడు. తరవాతిది రాహెలా గురించి. ఆదివారం సూపులో ఉప్పు ఎక్కువేస్తుంది, చెబితే వారం రోజులు మాట్లాడదు. ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. రాహెలా తలగుడ్డ ముడి విప్పి, మళ్లీ బిగించి కట్టుకుంది. తెయోఫిల్ ఆవిడ వైపు చూడలేకపోయాడు.

"అవ్రామ్. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే ఇతను కళ్లు తెరిచి గడియారం చూస్తాడు" అని చదివి, "ఈ సహోదరుడి కోసం కూడా..." అంటూ అవ్రామ్ అక్కడ ఆగాడు. చీటీని ముక్కుకు దగ్గరగా తెచ్చుకుని మళ్లీ చూశాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. బుట్ట అడుగున ఇంకో చీటీ ఉన్నా దాని జోలికి వెళ్లలేదు.

గవ్రిల్ నోరు విప్పాడు. మామూలుగానే బొంగురు గొంతు, కోపం వస్తే ఇంకా బొంగురుపోతుంది. "ఇలాంటి కాగితాలు మనం ఇంతకు ముందు కూడా చూశాం. పేరు, పక్కన నేరం. అచ్చక్షరాలు, కింద సంతకం ఉండదు."

ఆ మాటతో పెద్దవాళ్లందరి మొహాలూ పాలిపోయాయి. కమ్యూనిస్టుల పాలనలో, రహస్య పోలీసుల కాలంలో ఎవరు ఏం ప్రార్థించారో, ఎవరింట్లో ఎవరు భోంచేశారో కాగితాల మీద పట్నానికి చేరేది. ఆ కాగితాల వల్లే గుడి తలుపుకు రెండేళ్లు తాళం పడింది. రాసిందెవరో ఎన్నడూ తేలలేదు. జహారియె అప్పట్లో పట్నంలో పని చేసేవాడు గనక అతనే అని అందరూ అనేసుకున్నారు. ఆ కాలం పోయి పదేళ్లయినా అతని పక్కన ఎవరూ కూర్చోరు. ఆఖరి బెంచీలో ఒక్కడే కూర్చుని, ముగింపు పాట మొదలవగానే లేచి వెళ్లిపోయేవాడు. మొన్న ఈస్టరుకు అవ్రామ్ అతనితో చెయ్యి కలిపాడు. తరవాతి వారం జహారియె ఒక బెంచీ ముందుకు జరిగి కూర్చున్నాడు. అప్పట్నించి అక్కడే కూర్చుంటున్నాడు.

"నా కంచె అవతల ఉన్నది ఎవరి పెరడో అందరికీ తెలుసు" అన్నాడు గవ్రిల్, వెనక్కి తిరక్కుండానే.

అందరూ వెనక్కి తిరిగారు. జహారియె బెంచీ మీదున్న టోపీ తీసుకుని, దాని అంచు ఒకసారి తుడిచి, లేచి నిలబడ్డాడు. ఇవాళ ఈ తలుపు దాటితే మళ్లీ ఈ మనిషి ఈ గుడిలో అడుగు పెట్టడని ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో తెయోఫిల్‌కు కలిగిన మొదటి భావం ఊరట. ఎవరూ తన వైపు చూడడం లేదు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, జహారియె వెళ్లిపోతాడు, కీర్తన పాడుకుంటారు, తను లేచి దూలం గురించి చెబుతాడు. ఆ ఊరట తనకు కలిగిందని తెలిసిన మరుక్షణం ఆయనకు తల కొట్టేసినట్టయింది. అరవై మూడేళ్ల బతుకులో తనను తాను అంత అసహ్యించుకున్నది ఎప్పుడూ లేదు. లేచాడు. వేదిక మీది బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు.

"కూర్చో జహారియె" అన్నాడు. "కూర్చో అన్నా. రాసింది నువ్వు కాదు, నేను."

ఎవరూ నమ్మలేదు. ముందు బెంచీలో ఒక ముసలాయన, పాపం జహారియెను కాపాడ్డానికి తెయోఫిల్ నింద మీద వేసుకుంటున్నాడనుకుని, కళ్లు తుడుచుకుని "ఎంత ప్రేమ" అన్నాడు. రెండు వైపుల నుంచీ ఆమేన్‌లు వినిపించాయి. తెయోఫిల్‌కు ఏడుపొక్కటే తక్కువ. తప్పు ఒప్పుకున్నా మెచ్చుకుంటారేమిటి వీళ్లు.

"ప్రేమా లేదు, ఏమీ లేదు" అన్నాడు. "ప్రసంగంలో ఉదాహరణల కోసం రాసుకున్నాను. గట్టు మీంచి మీ పెరళ్లలోకి చూసి రాసుకున్నాను. అవన్నీ చెప్పి మీ అందరి తలలూ దించాలనుకున్నాను. నమ్మకపోతే సూపు సంగతి చూడండి. మా ఇంటి సూపు ఇంకెవరు తాగుతారు?"

దాంతో నమ్మారు. ఆమేన్‌లు ఆగిపోయాయి. సావెతా రుమాలుతో మొహం కప్పుకుంది. గవ్రిల్ మెడ వంచి నేల చూశాడు. అలాగే నేల చూస్తూ, కంచె జరిపిన మాట నిజమేనని, జానెడే కదా అనుకున్నానని గొణిగాడు.

"జానెడు కాదు, రెండు జానలు" అన్నాడు జహారియె వెనక నుంచి. పదేళ్లలో ఆ గుడిలో అతను పైకి అన్న మొదటి మాట అదే. అని, టోపీ పక్కన పెట్టి కూర్చున్నాడు. లేచిన బెంచీలో కాదు, దాని ముందు బెంచీలో.

ఇక ప్రసంగం ఎక్కడ చెప్పేది? ఏం చెయ్యాలో తెలియక అవ్రామ్ బుట్టలోకి చూశాడు. ఒక్క చీటీ మిగిలింది. భయం భయంగా విప్పి, ముందు తనలో తాను చదువుకుని, ఊపిరి పీల్చుకున్నాడు. అది అందరికీ అలవాటైన చీటీ. తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం వస్తోంది. పేరుండదు. ఎదుటివాళ్ల తప్పులు లెక్కపెట్టుకుంటూ తనవి చూసుకోని ఒక సహోదరుడి కోసం ప్రార్థించండి, అంతే. ఆ సహోదరుడి కోసం పైకి ప్రార్థించేది ఎప్పుడూ తెయోఫిలే. "ప్రభువా, అతనెవరో నీకు తెలుసు, మాకూ కొంచెం తెలుసు" అని మొదలుపెట్టి, మధ్యలో ఒక కన్ను తెరిచి గవ్రిల్ వైపు చూసేవాడు. ఆ ప్రార్థనకు సంఘంలో మంచి పేరుంది.

అవ్రామ్ చీటీ చదివేసి, అలవాటు ప్రకారం ఆయన వైపు తిరిగాడు. అందరూ మోకరించారు. తెయోఫిల్ కూడా మోకరించి, "ప్రభువా, అతనెవరో నీకు..." అన్నాడు. అవ్రామ్ చేతిలోని చీటీ సరిగ్గా ఆయన కళ్ల ముందుంది. అక్షరాలున్న వైపు అవ్రామ్‌కు, వెనకవైపు ఈయనకు. ఆ వెనకవైపు ఒక తేనెటీగ బొమ్మ, పక్కన అక్టోబరు నెల తేదీలు ఉన్నాయి. తన వంటింటి గోడ మీది క్యాలెండరు.

తొమ్మిదేళ్ల ప్రార్థనలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఎంత గట్టిగా, ఎంత భారంగా, ఎంతమంది ముందు తన కోసం తనే ప్రార్థించుకున్నాడో లెక్క తేలలేదు. తల ఎత్తి ఎడమవైపు చూశాడు. నలభై మంది ఆడవాళ్లు కళ్లు మూసుకుని ఉన్నారు. ఒక్క రాహెలా మాత్రం కళ్లు తెరిచి ఆయన వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది. కోపం లేదు. తొమ్మిదేళ్లుగా ఎదురుచూసి అలిసిపోయినట్టుంది. తెయోఫిల్ ఆ ప్రార్థనను పూర్తి చెయ్యలేదు. చాలా సేపు మోకాళ్ల మీదే ఉండిపోయాడు. అవ్రామ్ కూడా గడియారం చూడలేదు.

ఇంటికి వెళ్తూ వంతెన దగ్గర, "నాతోనే చెప్పి ఉండొచ్చు కదా, చీటీలెందుకు రాయడం" అన్నాడు తెయోఫిల్ నేల చూస్తూ.

"పెళ్లయిన కొత్తలో చెప్పాను" అంది రాహెలా. "అప్పుడు నువ్వు నా తప్పులు ఏడు చెప్పావు."

మధ్యాహ్నం బల్ల మీద కోడి సూపు పెట్టి ఎదురుగా కూర్చుని, ఆయన ఒక్కో చెంచా తాగడం చూసింది. తెయోఫిల్ గిన్నె మొత్తం ఖాళీ చేసి, మళ్లీ వడ్డించుకుని, అదీ తాగి, చాలా బాగుంది, ఉప్పు సరిగ్గా సరిపోయింది అన్నాడు.

ఆ పూట రాహెలా అసలు ఉప్పే వెయ్యలేదు.