బ్యాడ్జీ మీద నంబరు

ఆ క్యాన్సర్ పరిశోధన కేంద్రానికి ఆ ఉదయం ఒక పరిశీలకుడు రావాలి. ఆయన సరేనంటేనే అక్కడి పరిశోధనలు ఇంకో ఐదేళ్ళు సాగుతాయి. లేదంటే సగం ల్యాబులకు తాళాలే. అలాంటి రోజున గణాంకాల మేష్టారికి ఒక ఆలోచన తట్టింది. మందుల పరీక్షల్లో ఎవరికి ఏ మందు అందుతోందో ఎవరికీ తెలియనివ్వని మనిషాయన. ఇంట్లో కాఫీ ఎలా ఉందో చెప్పాలన్నా, ఎవరు కలిపారో ముందు చెప్పొద్దంటాడు. పరిశీలకుడెవరో తెలిస్తే అందరూ నటిస్తారని, బయటివాళ్ళందరికీ ఉత్త నంబరు బ్యాడ్జీ తగిలించి, తామెవరో చెప్పొద్దని కోరమని గేటు దగ్గర పురమాయించాడు. దాచడానికేముందిలే అని డైరెక్టరమ్మ ఒప్పుకుంది.

సరిగ్గా ఆ ఉదయమే, రోగుల కణితి ముక్కలు భద్రపరిచిన ఫ్రీజరు కుయ్యోమొర్రోమంది. మెకానిక్‌కి కబురు వెళ్ళింది. పెద్ద చోటు కదా అని అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గేటులో నంబరు తగిలించి, ఎవరో చెప్పొద్దన్నారు. పాపం, మాట మీద నిలబడే మనిషి.

"ఫ్రీజరు చూడాలండీ," అన్నాడు లోపలికెళ్ళి.

ఊపిరితిత్తుల విభాగం పెద్ద మురిసిపోయాడు. వస్తూనే నమూనాల సంగతి అడిగేవాడు పరిశీలకుడు కాక మరెవరు? తరవాత చూద్దురుగాని అంటూ కూర్చోబెట్టి తమ పనంతా వినిపించాడు. అక్కణ్ణించి రొమ్ము క్యాన్సర్ విభాగం, ఆపైన పిల్లల విభాగం అతన్ని లాక్కుపోయాయి. మెకానిక్ బుద్ధిగా తల ఊపినకొద్దీ వాళ్ళు కొత్త స్లైడ్లు తీశారు.

పరిశీలకుడు పిల్లల విభాగంలో ఉన్నాడని డైరెక్టరమ్మకు తెలిసింది. మెకానిక్ జాడే లేదు, ఫ్రీజరేమో వేడెక్కిపోతోంది. ఆవిడే మందపాటి గ్లవ్స్ తొడుక్కుని పరిగెత్తింది. నడవాలో ఒక పెద్దాయన, నంబరు బ్యాడ్జీతో, చొక్కా చేతులు మడిచి నిలబడి ఉన్నాడు.

"ఇంత ఆలస్యమా అండీ? ముందు ఈ పెట్టెలు పక్క ఫ్రీజర్లోకి చేర్చాలి, పట్టండి," అంటూ ఇంకో జత గ్లవ్స్ చేతిలో పెట్టింది.

ఆయన నోరు తెరిచాడు. గేటు దగ్గరి మాట గుర్తొచ్చి మూసుకున్నాడు. పెట్టెలు మొయ్యసాగాడు. ఒకటి చేయి జారబోయింది.

"జాగ్రత్త. ఇవి ఇచ్చినవాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. వాళ్ళను మళ్ళీ అడగలేం."

ఆ గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషి ఆఖరి పెట్టె దాకా తను కూర్చోలేదు, ఆయన్నీ కూర్చోనివ్వలేదు. అలాంటి మనిషికి చేతులెత్తి మొక్కాలి.

పనయ్యాక ఆవిడ ఫ్రీజరు వైపు చూపించి, ఇక దీని సంగతి చూడమంది.

"అది నాకు రాదమ్మా," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. "నేను చూడ్డానికొచ్చింది మిమ్మల్ని."

డైరెక్టరమ్మ గబగబా ఆయన కోసం కుర్చీ వెతికింది. అప్పుడే ముగ్గురు విభాగాధిపతులను వెంటేసుకుని మెకానిక్ ఊడిపడ్డాడు.

"ఇప్పుడైనా ఫ్రీజరు చూపిస్తారా?" అన్నాడు నీరసంగా.

ఐదేళ్ళకూ అనుమతి వచ్చింది. పోయినవాళ్ళ నమ్మకాన్ని ఇంత జాగ్రత్తగా మోసే చోటు తాను మరెక్కడా చూడలేదని పరిశీలకుడు రాశాడు. మార్చుకోవలసింది మాత్రం ఒక్కటే చెప్పాడు: బ్యాడ్జీల మీద పేర్లు రాయండి.