బ్లాకులో విరిగిన బోల్టు

శనివారం పొద్దున కాఫీ తాగుతూ దైవాశీర్వాదం వేసుకున్న పథకం చాలా చిన్నది. కారుకి నీళ్ల పంపు మార్చాలి, భోంచేసి పడుకోవాలి. అమెరికాలోని క్యారీ ఊరి చుట్టుపక్కల ఉన్న పదీ పన్నెండు తెలుగు కుటుంబాలు ప్రతి ఆదివారం పక్కనున్న డర్హమ్ ఊళ్లో ఒక అద్దె హాల్లో ఆరాధనకు చేరేవి. హార్మోనియం, తబలా, పాటల పుస్తకాలు, డ్రైవింగ్ రాని పెద్దవాళ్లు, అన్నీ అతని పాత స్టేషన్ వ్యాగన్‌లోనే వెళ్లాలి. వారమంతా మందుల కంపెనీ ల్యాబులో నిలబడి, ఆదివారం అందరినీ ఎక్కించి దింపేసరికి అతనికి సోమవారమే సెలవురోజులా అనిపించేది.

పంపు బోల్టుల్లో మూడు మర్యాదగా వచ్చాయి. నాలుగోది కాస్త తిరిగినట్టే తిరిగి, టప్పుమని విరిగి, సగం ఇంజిన్ బ్లాకులోనే ఉండిపోయింది. చేతిలోకి ఊడొచ్చిన బోల్టు తలకాయను చూసి దైవాశీర్వాదం గరాజ్ నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు.

పక్కవీధిలో ఉండే గుండె డాక్టరు జయరాజు అటుగా వచ్చి సంగతి విన్నాడు.

"దీనికింత దిగులెందుకండీ? మధ్యలో డ్రిల్ చేసి, ఆ కన్నంలోకి ఎక్స్‌ట్రాక్టర్ అని ఒక ఉక్కు మర దింపి ఎడమకి తిప్పితే అదే బయటికొస్తుంది."

"ఎప్పుడైనా తీశారా మీరు?"

"ఇంతకన్నా నాజూకైనవే తీశాను."

జయరాజు ఎంతో శ్రద్ధగా డ్రిల్ చేశాడు. ఎక్స్‌ట్రాక్టర్ దింపాడు. తిప్పాడు. అదీ లోపలే విరిగింది. అది బోల్టు కన్నా గట్టి ఉక్కు, ఇక డ్రిల్ కూడా దిగదు. కాసేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

దైవాశీర్వాదం భార్య లూసీ, ఆదివారం ఏర్పాట్లు చూసే మణికి ఫోన్ చేసింది. అక్కడ మిక్సీ తిరుగుతోంది. కారన్న మాట అందులో నలిగిపోయింది.

"రేపు ఈయన రాలేరు వదినా. బ్లాకులో ఇరుక్కుపోయింది."

"ఏంటీ, బ్లాకా?"

"ఆఁ, బ్లాకే. జయరాజన్నయ్యగారొచ్చి డ్రిల్ చేశారు. లోపల పెట్టింది కూడా విరిగిపోయింది."

"అయ్యో ప్రభువా! ఇప్పుడెక్కడున్నారు?"

"గరాజ్‌లోనే, నేలమీద. పాతదైపోయింది, మార్చేద్దామని ఎన్నిసార్లు చెప్పానో! వింటేనా?"

మణి వెంటనే కరుణమ్మకు చెప్పింది. కరుణమ్మ సంఘంలో అందరికన్నా పెద్దావిడ. ఆవిడ మిగతా అందరికీ చెప్పింది. జయరాజు గరాజ్‌లోనే గుండె ఆపరేషన్ మొదలుపెట్టాడనీ, కత్తి లోపలే ఉండిపోయిందనీ సాయంత్రానికల్లా అందరికీ రూఢి అయింది.

ఆపాటికి గరాజ్‌లో ఆఖరి ప్రయత్నం నడుస్తోంది. విరిగిన బోల్టు ముక్క అంచు గోరంత బయటికుంది. దాన్ని మంటతో బాగా కాల్చి, వేడిమీదుండగానే ప్లయర్లతో బిగించి తిప్పాలి. జయరాజు మంట ఆర్పాడో లేదో, వీధినిండా కార్లు ఆగాయి. కూర గిన్నెలు పట్టుకుని అందరూ లోపలికొచ్చారు. దైవాశీర్వాదం చొక్కా మీద రేడియేటర్‌లోంచి కారిన ఎర్రటి తుప్పునీళ్లున్నాయి. అది చూసి మణి కెవ్వుమంది.

"నించోకు నాయనా, నించోకు!" అంటూ కరుణమ్మ అతన్ని స్టూలు మీద కూలేసింది.

"నాకేం కాలేదమ్మగారూ, కారుకే..."

"ఆ సంగతి తర్వాత. ముందు ప్రార్థన."

అందరూ కళ్లు మూసుకున్నారు. కరుణమ్మ ప్రార్థన సృష్టి దగ్గర మొదలవుతుంది. నోవహు ఓడ దాకా వచ్చేసరికి దైవాశీర్వాదం ఇక ఉండబట్టలేకపోయాడు. అవతల బోల్టు చల్లారిపోతోంది. పొద్దుటి నుంచీ పడ్డ పాటంతా గంగలో కలిసేలా ఉంది. చప్పుడు కాకుండా లేచి ఇంజిన్ మీదికి వంగాడు. ప్లయర్లు బిగించి, మిగిలిన కాస్త బలమూ పెట్టి తిప్పాడు. కిర్రుమంది. కదిలింది.

"వచ్చేసింది!" అని అరిచాడు.

"ఆమేన్!" అన్నారందరూ.

కరుణమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ తుప్పుముక్కను చూసింది. "ఇదా నాయనా, నీ గుండెలో ఉన్నది?"

అది బోల్టు అని జయరాజు అందరికీ వివరించాల్సి వచ్చింది. ఎవరూ నొచ్చుకోలేదు. వచ్చారు కనుక తిన్నారు, తిన్నారు కనుక పాడారు. గరాజ్‌లో గొంతులు ఖంగుమన్నాయి.

"అద్దె హాలుకన్నా ఇక్కడే బావుంది. ఇకనించీ ఆరాధన ఇక్కడే పెట్టుకుందాం," అంది కరుణమ్మ.

"అవునండీ, పాపం అన్నయ్యగారికి తిరుగుడు తప్పుతుంది. పెద్దవాళ్లని మేం తీసుకొస్తాంలే," అంది మణి.

దైవాశీర్వాదం కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లకు తన అలసట ఒకరికి కనబడింది. లూసీ మాత్రం తోమాల్సిన కూర గిన్నెలు లెక్కపెట్టుకుంది.

ఇప్పుడు ఆదివారాల్లో అతను కారు నడిపేది గరాజ్ నుంచి వీధిదాకానే. ఆ తర్వాత కుర్చీలు వేస్తాడు.