లాక్ వేయదగిన రోడ్డు

గుంతల్లేని రోడ్డు మనిషికి అరిష్టం! నవ్వకండి, బాగా ఆలోచించి అంటున్న మాట. నున్నటి రోడ్డు మీద మనిషి దేవుణ్ణి తలుచుకోడు, పక్కవాడితో మాట్లాడడు, తానెక్కడున్నదీ గమనించడు. చక్రం ఒక్కసారి గుంతలో పడనివ్వండి, మూడూ ఒకేసారి జరుగుతాయి. ఇంత మేలు ఇంకెవరు చేస్తారు చెప్పండి?

నమ్మకం కుదరకపోతే ఏలూరు వెంకట్రాజు గారి సంగతి వినండి.

వెంకట్రాజు గారు రోడ్లు వేయించే శాఖలో ముప్పై రెండేళ్లు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఏ శాఖ అని మాత్రం అడక్కండి, పెద్దాయన మనసు కష్టపడుతుంది. రిటైరైన ఆరు నెలలకే పొట్ట ముందుకొచ్చింది, మోకాళ్లు వెనక్కి తగ్గాయి. డాక్టరు సైకిలు తొక్కమన్నారు. తాడేపల్లిగూడెంలో లెక్చరరుగా ఉన్న కూతురు వాసవి, మామూలు సైకిలైతే నాన్న మూలన పడేస్తారని, ఏకంగా మౌంటెన్ బైక్ కొనిపెట్టింది. కొల్లేటి పల్లంలో కొండ ఎక్కడుందని ఎవరికీ తోచలేదు.

ఆ బైక్‌కి ముందొకటి, వెనకొకటి, రెండు షాక్ అబ్జార్బర్లు. హ్యాండిల్ మీద చిన్న మీట. పవర్‌పేటలో సైకిలు షాపు నడిపే ఎలీషా ఆ మీట సంగతి ఓపిగ్గా చెప్పాడు.

"దీన్ని సస్పెన్షన్ లాక్ అంటారండి, మేం లాక్ అనేస్తామండి. గతుకుల్లో తీసి ఉంచాలండి. నున్నటి రోడ్డొచ్చిందనుకోండి, టక్కున వేసెయ్యాలండి. అప్పుడు బండి ఊగదు, మీ కాలి బలమంతా చక్రానికే పోద్దండి. లేపోతే తొక్కినదాంట్లో సగం ఊగడానికే సరిపోద్దండి."

"బాగుంది. మరి నున్నటి రోడ్డు ఎక్కడుంది?"

ఎలీషా చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "అది తమరికే తెలియాలండి, ఇంజనీరు గారు కదండీ," అన్నాడు.

అతని గొంతులో ఎగతాళి లేదు. అదే వెంకట్రాజు గారికి బాగా గుచ్చుకుంది. ఆ లాక్ వేసి కనీసం ఒక్క కిలోమీటరైనా తొక్కి చూపిస్తానని ఆయన ఆ క్షణానే పట్టుపట్టారు.

మర్నాడు పొద్దున్నే సత్రంపాడులో ఇంటి గేటు దాటగానే లాక్ వేశారు. మూడో తొక్కుకి గుంత. కింది పళ్ల సెట్టు పై పళ్లని గట్టిగా పలకరించింది. లాక్ తీశారు. కాస్త నున్నగా కనిపించింది, వేశారు. ఎవరో నీళ్ల పైపు కోసం తవ్వి పూడ్చిన మట్టిగట్టు అడ్డొచ్చింది, తీశారు. బస్టాండు చేరేసరికి నలభై ఒక్కసార్లు వేసి తీశారు. చూశారా! డాక్టరు కాళ్లకి మాత్రమే వ్యాయామం రాస్తే, రోడ్డు బొటనవేలికి కూడా కలిపి ఇచ్చింది. ఫీజు లేకుండా!

పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో రోడ్డు బాగుంటుందని ఎవరో చెప్పారు. నీడ బాగుంది. రోడ్డంతా ట్రాక్టర్ల చక్రాలు చేసిన లోతైన చాళ్లు. ఒకసారి చాలులో పడితే హ్యాండిల్ తిప్పే శ్రమ ఉండదు, ట్రాక్టరు ఎక్కడికెళ్తే సైకిలూ అక్కడికే. అలా ఆయన పామాయిల్ గెలల వెనకాలే వెళ్లి కాటా మీదికి ఎక్కేశారు. ఒంటి బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదని అక్కడే తేలింది. ఇంత కచ్చితంగా ఏ జిమ్ములో చెబుతారండీ?

హైవే ఉందిగా అంటారు తెలివైనవారు. ఉంది, బ్రహ్మాండంగా ఉంది! ఆయన హైవే ఎక్కి లాక్ వేశారో లేదో, చేపల లారీ ఒకటి ఐసు నీళ్లు చిలకరిస్తూ చెవి పక్కనుంచి దూసుకుపోయింది. తడిసి ఇంటికొచ్చిన మనిషిని చూసి భార్య నాగవల్లి గారు ముక్కు మూసుకున్నారు.

"ఏవండీ, ఇంకోసారి హైవే ఎక్కారంటే నా మీద ఒట్టే."

అప్పుడు గుర్తొచ్చింది వెంకట్రాజు గారికి. కొల్లేటిలో ఒక లంక ఊరికి మూడు కిలోమీటర్ల రోడ్డు. ఎనిమిదేళ్ల కిందట ఆ పని పూర్తయిందని సంతకం పెట్టింది తనే. 'ఉపరితలం ఆసాంతం సమతలముగాను, దోషరహితముగాను ఉన్నది' అని స్వహస్తాలతో రాశారు. మరి ఇన్నాళ్లూ ఊరంతా ఎందుకు వెతికినట్టు?

బైక్‌ని ఆటో మీద కట్టించుకుని వెళ్లారు. అటూ ఇటూ చేపల చెరువులు, నీళ్ల మీద గూడబాతులు, మధ్యలో తన రోడ్డు. లాక్ వేశారు. ఈసారి చచ్చినా తీయకూడదనుకున్నారు.

ఆహా! నున్నగా ఉంది. బండి ఊగడం లేదు. కాలి బలమంతా చక్రానికే పోతోంది. వంద గజాల పాటు ఆయన సర్వీసు మొత్తం ధన్యమైపోయింది.

నూట ఒకటో గజంలో రోడ్డు లేదు.

సైకిలు ఆగింది. ఆయన ఆగలేదు. పక్క చెరువులో గుర్రపుడెక్క మీద తేలారు.

గట్టు మీద ఎండుచేపలు తిరగేస్తున్న సూరమ్మ పరుగున వచ్చి చెయ్యందించి లాగింది.

"దెబ్బ తగిలిందాండీ? కొత్తవారనుకుంటానండి. మేమంతా ఆ కొసనే దిగి నడుస్తామండి."

"రోడ్డేదమ్మా?"

"అదేనండి, మీరొచ్చినంత మేరా. అప్పుడెప్పుడో ఒక ఆఫీసరు గారు జీపులో చూడ్డానికొచ్చారండి. వానని దిగలేదంట. అద్దంలోంచి ఎంత దూరం కనపడుద్దో కంట్రాక్టరు గారు సరిగ్గా అంతే వేసుంచారండి."

వెంకట్రాజు గారు చెవిలో నీళ్లు పోయినట్టు తల విదిలించారు. ఆ వాన ఆయనకి బాగా గుర్తుంది. జీపులో తిన్న వేడి పునుగులు కూడా.

"అంబులెన్సూ ఆ కొస దాకానే వస్తాదండి," సూరమ్మ చెప్పుకుపోతోంది. "మొన్న మా కోడలికి నొప్పులొస్తే మంచం మీద మోసుకెళ్లామండి. ఆ మూడో గుంత దగ్గర మోసేవాడి కాలు దిగబడి మంచం ఒరిగిందండి. అక్కడే కాన్పయిపోయింది. ప్రభువు దయ, తల్లీ పిల్లా దక్కారండి. జాయ్సీ అని పేరెట్టాం గానీ ఊరంతా గతుకులమ్మనే పిలుస్తారు."

గుంత మహిమ చూశారా? డాక్టరు లేడు, నర్సు లేదు, ఆసుపత్రి లేదు, కాన్పు మాత్రం అయిపోయింది!

ఈ వాదన వెంకట్రాజు గారికి మాత్రం మింగుడు పడలేదు. ఆ మూడో గుంత దగ్గరికి నడిచివెళ్లి అందులోకి దిగి చూశారు. మోకాలి లోతు ఉంది. అంచున మంచం కోడు దిగిన గుర్తు ఇంకా గట్టిపడే ఉంది.

ఆ సాయంత్రమే ఊరివాళ్ల చేత అర్జీ పెట్టించారు. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. 'సదరు రోడ్డు దోషరహితముగా ఉన్నట్టు శ్రీ వెంకట్రాజు గారు ధ్రువీకరించి ఉన్నందున చర్య అవసరం లేదు.'

ఆయన ఆ జవాబు పట్టుకుని ఆఫీసుకి వెళ్లారు. ఆయన సీట్లో ఇప్పుడు శ్రీనాథ్ ఉన్నాడు, ఒకప్పటి అసిస్టెంటు.

"ఆ సంతకం నాదే శ్రీనాథ్. దిగి చూడకుండా పెట్టాను. రాసింది అబద్ధం."

శ్రీనాథ్ గబుక్కున లేచి తలుపు వేశాడు. "అయ్యో, అలా అనకండి సార్. లేని రోడ్డయితే కొత్తగా వెయ్యొచ్చండి. ఇది రికార్డులో ఉన్న రోడ్డు. ఉన్న రోడ్డు మళ్లీ ఎలా వేస్తామండి?"

"పోనీ బాగు చేయించు."

"దోషం లేదని తమరే రాశారు కదండీ. దోషం లేనిదాన్ని బాగు చేస్తే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా సార్?"

"అయితే జరిగిందంతా రాసిస్తాను. కాగితం ఇవ్వు."

"పెన్షనుకి ఇబ్బందవుద్ది సార్. మేడమ్ గారిని ఒక్క మాట అడగండి."

"అడిగే వచ్చాను. చెరువులో పడ్డ రోజు కంటే ఇవాళే శుభ్రంగా కనపడుతున్నానంది."

రాశారు. వానతో మొదలుపెట్టి, పునుగులతో సహా, తాను లాక్ వేసుకుని తొక్కడం, ఎగిరి చెరువులో పడడం దాకా నాలుగు పేజీలు. కింద సంతకం పెట్టారు. ముప్పై రెండేళ్లలో స్వయంగా చూసి పెట్టిన సంతకాలు ఎన్నో ఆయనకే తెలియాలి.

ఆ నాలుగు పేజీలు శాఖని కుదిపేశాయి! మూడు మీటింగులు జరిగాయి. ప్రమాదానికి మూలకారణం ఏమిటో తేల్చారు. వెంటనే మనుషులొచ్చారు, సిమెంటొచ్చింది, పని జరిగింది. రోడ్డు మొదట్లో ఆరడుగుల పొడవు మందపాటి ఇనప రేకు మీద తళతళలాడే బోర్డు వెలిసింది. 'హెచ్చరిక: ఈ రోడ్డుపై సస్పెన్షన్ లాక్ చేయరాదు.'

సూరమ్మ బోర్డు చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో తట్టి చూసింది.

"రేకు మంచిదండి. అటు కొస పడతారా?"

వెంకట్రాజు గారు పంచె ఎగగట్టి అటు కొస పట్టారు. ఇద్దరూ దాన్ని ఊడబెరికి, మోసుకెళ్లి మూడో గుంత మీద అడ్డంగా పరిచారు. సూరమ్మ ఎక్కి రెండుసార్లు గట్టిగా తొక్కింది. కదల్లేదు.

"ఇహ మంచం ఒరగదండి," అంది.

వెంకట్రాజు గారు సైకిలెక్కారు. రేకు అంచుకి రాగానే లాక్ వేశారు. ఆరడుగులు, అద్దంలా ఉంది. దాటగానే తీసేశారు.

ఎవరండీ, సర్కారు వారు లంక ఊళ్లకి రోడ్లు వేయరని ఆడిపోసుకునేది?