పద్మలత గణితానికి ఉపయోగ పత్రం

గణితం ప్రజలకు పనికొస్తుందా రాదా అన్న ప్రశ్న ప్రపంచంలో పెద్ద పెద్ద పండితులకే కొరుకుడు పడలేదు. మహబూబాబాద్‌లో మాత్రం దాన్ని తేల్చడానికి ఒక అధికారి, ఒక దరఖాస్తు నమూనా ఉన్నాయి. 'ఉపయోగ నిర్ధారణ విభాగం' వెలసిన నాటి నుంచి జిల్లాలో పనికిరాని ఆలోచన ఏదీ ముద్ర లేకుండా తిరగడం లేదు. (పనికొచ్చేవీ తిరగడం లేదు. ముద్ర ప్యాడ్ ఎండిపోయి ఏడాదయింది.)

పద్మలత ఆ ఊళ్లో డిగ్రీ కాలేజీ గణితం లెక్చరర్. పంతొమ్మిదేళ్లుగా ఒకే సంగతి మీద పనిచేస్తోంది. లక్షల తెలియని సంఖ్యలున్న సమీకరణాలను కంప్యూటర్ ఒక్క దెబ్బకు విప్పలేదు. ముందు ఒక ఊహ చేస్తుంది, తప్పు చూసుకుంటుంది, మళ్లీ ఊహిస్తుంది. ఎన్నో ఊహకు తప్పు ఎంతకు తగ్గుతుందో ముందే చెప్పగలగడం ఆమె సాధించిన పని. విదేశాల్లో రెండు పత్రికలు దాన్ని అచ్చువేశాయి. కాలేజీలో ఆమెకు పరీక్ష హాలు బెంచీలు లెక్కపెట్టే బాధ్యత ఇచ్చారు. లెక్కల మేడం కదా, లెక్కపెట్టేవన్నీ ఆమెవేనని ప్రిన్సిపాల్ అభిప్రాయం.

ప్రమోషన్ వస్తే పరిశోధన విద్యార్థులను తీసుకోవచ్చు. రాకపోతే ఆ పని ఆమెతోనే ఆగిపోతుంది. నలభై ఆరేళ్ల వయసులో పద్మలతకున్న కోరిక అదొక్కటే. దానికి కావలసింది ఒక్క కాగితం: 'సదరు పరిశోధన జిల్లా ప్రజలకు ఉపయోగపడినది.'

అధికారి శ్రీపాల్ ఆమె ఫైలును చేత్తో పైకెత్తి బరువు చూశాడు.

"మేడం, గార్లకాడ యూరియా లైను మూడు వారాల సంది కరుగుతలేదు. మీ లెక్కతోని గది జర తగ్గించుండ్రి. సంతకం పెడ్త."

"లారీలు పెంచితె తగ్గుతది సార్."

"లారీలు వేరే డిపార్ట్‌మెంట్ మేడం. మనది గణితం."

మంగళవారం పొద్దున పద్మలత గార్ల వెళ్లింది. లైనులో మనుషులు లేరు, చెప్పులున్నాయి. మనుషులు రేకుల షెడ్డు నీడలో కూర్చుని ఎవరి చెప్పును వాళ్లు కాపలా కాస్తున్నారు. (నిబంధన: ఒక చెప్పు ఒక రైతు. జత పెట్టినంత మాత్రాన ఇద్దరు రైతులు కారు. చెప్పులు లేనివారు పాసుబుక్కు జిరాక్సు మీద రాయి పెట్టవలెను. వట్టి రాయి రైతుగా చెల్లదు.) ఆమె మొత్తం ఆరు వందల పన్నెండు లెక్కపెట్టింది. నాలుగు వందల తొంభై ఏడో చెప్పు సాలమ్మది.

"చెప్పులల్ల ఏం సూస్తున్నవ్ బిడ్డా?"

"నీ వంతు ఎన్నడొస్తదో లెక్క కడ్తున్న అవ్వా."

"గది గూడ తెలుస్తదా? తొమ్మిది దినాలాయె, నాకు ఒక్కలు చెప్పలె. ఒరి పొట్టకొచ్చినంక ఏస్తే ఏం ఫాయిద?"

లారీకి నాలుగు వందల నలభై నాలుగు బస్తాలు, మనిషికి రెండు, మూడు రోజులకో లారీ. పద్మలత నెల రోజుల రాకపోకలు కూడా చూసి, తప్పు ఎంతుంటుందో కట్టి చెప్పింది: "వచ్చే గురువారం అవ్వా. ఒక్కరోజు అటో ఇటో. అప్పటిదాంక ఇంటికి పో."

సాలమ్మ ఆమెను ఎగాదిగా చూసి, చెప్పు తొడుక్కుని, ఇంటికి పోయింది. ఇక మిగతావాళ్లు ఊరుకుంటారా? సాయంత్రంలోగా పద్మలత ఆరు వందల పన్నెండు చీటీలు రాసింది. రోడ్డు ఖాళీ అయింది. తన గణితాన్ని నమ్ముకుని అంతమంది ఇంటికి పోయి అన్నం తిన్నారంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పత్రికలో అచ్చయిన రోజు కూడా అంత సంతోషం కలగలేదు.

బుధవారం శ్రీపాల్ తనిఖీకి వచ్చాడు, ఖాళీ రోడ్డును ఫొటో తీశాడు, నివేదిక రాశాడు: 'సదరు స్థలమందు సమస్య కనబడలేదు. లేని సమస్యను పరిష్కరించినట్లు దరఖాస్తుదారు పేర్కొన్నందున ఉపయోగం రుజువు కాలేదు.' లైను లేనిచోట అవసరం లేదన్నది మరో నిబంధన. దాని ప్రకారం శుక్రవారం రావలసిన లారీని, ఫొటోలో లైను నిండుగా కనిపించిన ఘనపూర్‌కు మళ్లించారు.

శుక్రవారం చీటీలు పట్టుకుని వచ్చినవాళ్లు లారీ రాకపోయేసరికి అక్కడే చెప్పులు విడిచారు. మర్నాటికి ఎనిమిది వందలయ్యాయి. గురువారం చీటీని నమ్ముకుని ఇంట్లో ఉన్న సాలమ్మ, కబురు తెలిసి వచ్చేసరికి ఏడు వందల అరవయ్యో చెప్పయింది.

శ్రీపాల్ ఫోన్ చేశాడు. "మేడం, శుభవార్త. మీ సమస్య మళ్ల దొరికింది. దరఖాస్తు కొత్తగ పెట్టుకోండ్రి. గాని జవాబు ఫైల్లనే ఉండాలె, రైతులకు చెప్పొద్దు. మనుషులు పోతె లైను పోతది, లైను పోతె లారీ పోతది."

"నిజం చెప్పుడు తప్పా సార్?"

"తప్పు కాదు మేడం. ఉపయోగం కాదు."

పద్మలత మళ్లీ గార్ల వెళ్లి లెక్క కట్టింది. ఆ లెక్కలో సాలమ్మ వంతు, వరి పొట్టకొచ్చిన ఆరో రోజున పడింది.

"ఈపాలి ఎన్నడస్తది బిడ్డా?"

"తెల్వదవ్వా," అంది పద్మలత.

సదరు పరిశోధన ప్రజలకు మిక్కిలి ఉపయోగపడినదని నాలుగో రోజే పత్రం వచ్చింది.